పది నిమిషాల చుక్క

"కదలకండి. ఇప్పుడు ఊదారంగు వెలుగు వస్తుంది," అంది డాక్టర్ హిమజ.

మెషీన్ ముందు గడ్డం ఆనించి కూర్చున్న సింహాద్రి విజయనగరంలో బస్సు డ్రైవరు. పదకొండేళ్లుగా షుగరున్నా కంటి వెనకభాగం ఒక్కసారీ చూపించుకోలేదు. భయపడి కాదు, డ్యూటీ పోతుందని. కంటిపాపను పెద్దది చేసే పాత చుక్కలు వేస్తే నాలుగైదు గంటలు అక్షరాలు అలుక్కుపోయేవి. ఎండ చూడలేరు, బండి నడపకూడదు. చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్లడానికి ఎవరో ఒకరు వెంట రావలసిందే.

ఆ బెడద తీర్చడానికి హిమజ తొమ్మిదేళ్లు తల బద్దలుకొట్టుకుంది. ఆమె తయారుచేసిన మెషీన్ ముందుగా కంటి లోపలి నీరు బయటికి పోయే దారిని కొలుస్తుంది. అది మరీ ఇరుకైతే చుక్క వెయ్యదు, అలాంటి కంట్లో ఒత్తిడి హఠాత్తుగా పెరగవచ్చు. పరీక్ష అయ్యాక ఊదారంగు వెలుగు తగలగానే ఆ కొత్త చుక్కలోని మందు అణువు రూపం మార్చుకుని పని మానేస్తుంది. పది నిమిషాల్లో కంటిపాప మామూలే.

"మందు దిగిపోనాది డాక్టరమ్మా! పేపరు కూడా సదవగలను," అన్నాడు సింహాద్రి.

"మంచిది. కానీ మీ రెటీనాలో రక్తం కారుతోందండీ. నెలలోగా లేజర్ చేయించుకోకపోతే చూపు పోతుంది."

"అలాగేనమ్మా," అని డ్యూటీకి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

మూడు వారాల తర్వాత హిమజ రికార్డులు తిరగేసింది. పరీక్షకు వచ్చేవాళ్లు మూడింతలయ్యారు, లేజర్‌కు తిరిగొచ్చేవాళ్లు మాత్రం పావువంతు కూడా లేరు. పాత చుక్కల కాలంలో దాదాపు అందరూ వచ్చేవారు. మెషీన్ విప్పి చూసింది, ఏ లోపమూ లేదు. చివరికి సింహాద్రి ఇంటికి ఫోన్ చేసింది. భార్య పైడమ్మ ఎత్తింది.

"కళ్లకేటీ లేదని సెప్పినాడే! ఏటయినాదమ్మా?"

అంత చదువుకున్న మనిషికి అప్పుడు తట్టింది. పూర్వం తోడొచ్చినవాళ్లే డాక్టరు మాట విని, ఇంట్లో చెప్పి, వెంటపడి మళ్లీ లాక్కొచ్చేవారు. ఆ తోడును తన చేతులతో తనే తీసేసింది.

మర్నాడు పొద్దున్నే పైడమ్మ మొగుణ్ణి తీసుకొచ్చింది. లేజర్ సమయానికే పడింది, చూపు దక్కింది. హిమజ మెషీన్‌కు కొత్త నిబంధన పెట్టింది. రోగి పక్కన ఇంకో మనిషి కూర్చుంటేనే చుక్క పడుతుంది.

"బండి నానే తోలుకెల్తాను కదా, ఈవిడెందుకు?" అని సింహాద్రి ఏడాది తర్వాతి పరీక్షలో గొణిగాడు.

"వినడానికి," అంది హిమజ. తెర చూసి, వెలుగు వేసి, నవ్వింది. "ఈసారి ఏ ఇబ్బందీ లేదు, హాయిగా బస్సు నడుపుకోండి."

పైడమ్మ నమ్మలేదు. కాగితం మీద రాసిమ్మంది.