నలభై ఒకటో పేజీ

శివరామకృష్ణ ప్రాణం తీసింది ఒక అంకె.

ఇంటర్నెట్‌లో ‘స్కై డ్యుయల్’ అని యుద్ధవిమానాల ఆట ఒకటుంది. నిజం విమానంలో ఎన్ని మీటలుంటాయో ఆటలోనూ అన్నే. దాని అభిమానులు ఆడేది గంట, ఫోరంలో వాదించుకునేది ఆరు గంటలు. ఏ విమానం ఎంత చిన్న మలుపు తిరుగుతుంది, ముక్కు ఎన్ని డిగ్రీలు పైకెత్తితే రెక్కలు గాలి మీద పట్టు వదిలేస్తాయి... ఇదే గొడవ, పొద్దస్తమానం.

ఆ ఫోరంలో ‘మిస్ మాక్’ అనే పేరుతో ఎవరో రాశారు: ‘ఇండియా నేవీ తయారు చేస్తున్న శరభ విమానం ముక్కు పద్దెనిమిది డిగ్రీలు దాటిందంటే రాయిలా పడిపోతుంది. దున్నపోతుకి రెక్కలు కట్టారు.’

శివరామకృష్ణ శరభ ప్రాజెక్టులో ఆరేళ్ళుగా టెక్నీషియన్. మూడు రోజులు ఓర్చుకున్నాడు. నాలుగో రోజు పొద్దున్నే, టిఫిన్ కూడా చేయకుండా, ‘ఇరవై రెండు. తెలియకపోతే నోర్మూసుకోండి’ అని రాసి, రుజువుగా సీక్రెట్ మాన్యువల్లోని నలభై ఒకటో పేజీ ఫోటో పెట్టాడు. పది నిమిషాల్లో భయమేసి తీసేశాడు. కాచుకుని ఉన్నవాళ్ళకి ఆ పది నిమిషాలు చాలు.

సరిగ్గా పదిహేను రోజులకి, ఉదయం ఎనిమిదిన్నరకి, గోపాలపట్నం దగ్గర హైవే మీద ఒక లారీ అతని స్కూటర్‌ని గుద్దింది. ఆగింది. రివర్స్ వచ్చింది. మళ్ళీ గుద్దింది.

ఆ సాయంత్రమే ప్రాజెక్టు సర్వర్ నుంచి రెండువందల పద్నాలుగు పేజీల మాన్యువల్ మొత్తం మాయమైందని తేలింది. చచ్చినవాడి ఫోన్‌లో నలభై ఒకటో పేజీ దొరికింది. ఇంకేం కావాలి? దొంగ దొరికాడన్నారు. ఫైలు మూసేశారు.

మూయనివాడు ఒక్కడే. ఏజెంట్ అర్జునరావు. శివరామకృష్ణ అతనికి స్వయానా అక్క మొగుడు.

*

మద్దిలపాలెం బస్ డిపో ఎదురుగా ‘శ్రీ సాయి ఎలక్ట్రానిక్ కాటాల రిపేరు’ అని బోర్డున్న మేడ ఉంది. దాని పైగది నుంచి నడిచే డిపార్ట్‌మెంట్‌కి పేరు లేదు. చిక్కల్లా, కింద నిజంగానే కాటాలు రిపేరుకి తెచ్చేవాళ్ళు ఎక్కువైపోయారు. అర్జునరావు వెళ్ళేసరికి చీఫ్ శ్రీరామ్మూర్తి ముందు చేపల కాటా ఒకటి విప్పి ఉంది.

“కాటా ఐదు గ్రాములు తేడా చూపిస్తోందండీ” అని సంకేతవాక్యం చెప్పాడు అర్జునరావు.

“గాలి ఎటు వీస్తోంది?”

“పోర్టు వైపు నుంచి.”

“తలుపేసి కూర్చో.” చీఫ్ స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు. “నాలుగు నెలలు నిన్ను ఈ కేసుకి దూరంగా ఉంచాను. ఇంటి మనిషి పోయినవాడికి తుపాకీ ఇవ్వకూడదని నా రూలు. ఇవాళ తప్పడం లేదు. స్టీల్ ప్లాంట్ బొగ్గుతో వచ్చిన ‘బెలోరా’ అనే విదేశీ ఓడ సాయంత్రం ఆరింటికి లంగరు ఎత్తుతుంది. మాన్యువల్ ఉన్న పెన్‌డ్రైవ్ పొద్దున ఫిషింగ్ హార్బర్‌లో చేతులు మారింది. అందుకున్నవాడి కోడ్ నేమ్ ‘నావిగేటర్’. ఈ ముఠాకి పెద్ద. మీ బావ మీదికి లారీ పంపినవాడు.”

అర్జునరావు కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

“వాడి మొహం ఎవరూ చూడలేదు. ఓడ నుంచి నలుగురికే బయట తిరిగే పాసులున్నాయి. సెకండాఫీసరు, ఇంజనీరు, రేడియో ఆఫీసరు, వంటవాడు. నలుగురూ మూడింటికి బీచ్ రోడ్‌లో నీలిమ నడిపే ‘ఆఫ్టర్‌బర్నర్’ క్లబ్బుకి స్కై డ్యుయల్ టోర్నమెంట్ చూడ్డానికి వస్తున్నారు. నాలుగింటికి వ్యాను వాళ్ళని ఓడకి తీసుకుపోతుంది. నలుగురినీ పట్టుకుంటే వాళ్ళ ఎంబసీ మన నెత్తినెక్కుతుంది. నాకు పర్మిషన్ ఉన్నది ఒక్కడికి. ఆ ఒక్కడూ నావిగేటరే అయ్యుండాలి.”

“నీలిమకి తెలీదా?”

“మెసేజ్‌లే తప్ప మనిషిని చూళ్ళేదంటోంది. ఆ ముఠాకి పనిచేసి మనకి పట్టుబడింది, ఇప్పుడు మన మనిషి.”

“మిస్ మాక్ పేరుతో మా బావని రెచ్చగొట్టింది ఆవిడే కదా సార్?”

“అవును.”

“అయితే మంచి మనిషినే పెట్టారు.”

చీఫ్ స్క్రూడ్రైవర్ మళ్ళీ అందుకున్నాడు. అర్జునరావు జేబులోంచి ఒక కాగితాల కట్ట తీశాడు. “నావిగేటర్ అదే పేరుతో ఆ ఫోరంలో పెట్టిన నాలుగువందల పన్నెండు పోస్టులూ చదివాను సార్. శరభ గురించి ఎంత తప్పు రాసినా నవ్వుకుంటాడు. కానీ వాళ్ళ దేశపు పాత ఫైటర్ వి-70 జోలికెళితే మాత్రం ఊరుకోడు. దాని చక్రాల గురించి ఎవడితోనో తొమ్మిది గంటలు వాదించాడు. వీడు దాన్ని నడిపినవాడు. కూల్చుకున్నవాడు కూడా అని నా అనుమానం. బావని ఏ గాలంతో పట్టారో అదే గాలం నేనూ వేస్తాను.”

“సరే. ఒక్కటే మాట. ప్రాణాలతో కావాలి.”

అర్జునరావు లేచి తలుపు దగ్గరికి నడిచాడు.

“నీతోనే చెప్తున్నానయ్యా. ప్రాణాలతో!”

*

క్లబ్బుకి వెళ్ళే ముందు గోపాలపట్నంలో ఆగాడు. అక్క ఈశ్వరి బావ యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది. నాలుగు నెలలుగా ప్రతి సోమవారం చేస్తూనే ఉంది.

“అక్కా, ఆడు దొరికీలాగున్నాడు. ఇయ్యాల ఆడో నానో తేలిపోవాల.”

ఈశ్వరి ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. “సంపేత్తావేటి?”

“మరేటి సెయ్యమంతావ్?”

“సంపీసి వచ్చి నాకేటి సెప్తావురా? రైతుబజార్ల నన్ను సూసి మొకం తిప్పీసుకుంతన్నారు. నిన్నటికి నిన్న పక్కింటి కనకరత్నం ముగ్గు గిన్ని కూడా అడగనేదు. మీ బావ తప్పు సేసినాడు, నాను కాదన్ను. ఒక్క పేజీ. ఆ మిగతాయి ఆయన ఇవ్వనేదని ఆ దొంగ సచ్చినోడి నోటితోనే సెప్పించు. అంతవరకూ ఆడిని బతకనియ్యి.”

“సెప్పకపోతే?”

“నువ్వు సదువుకున్నోడివి కదరా!” అంది ఈశ్వరి. మళ్ళీ ఇస్త్రీపెట్టె అందుకుంది.

*

మూడున్నర. క్లబ్బు హాలు కుర్రకారుతో కిటకిటలాడుతోంది. పిలక జుట్టు విగ్గు, చెవికి పోగు, చేతిలో మైకు. అర్జునరావు ఇప్పుడు భువనేశ్వర్ నుంచి వచ్చిన కామెంటేటర్. కళ్ళజోడు ఎడమ అద్దంలో, టేబుళ్ళ కింద అమర్చిన కెమెరాల బొమ్మ అతనొక్కడికే కనిపిస్తోంది. పెన్‌డ్రైవ్ కింది నుంచి చేతులు మారితే చూడ్డానికి పెట్టించాడు.

మొదటి వరసలో ఆ నలుగురు. ముగ్గురు గట్టిగా కబుర్లాడుకుంటున్నారు. చివర్లో వంటవాడు. బట్టతల, మెత్తని మొహం, చేతిలో బీచ్‌లో కొన్న ముంత మసాలా పొట్లం.

నీలిమ పక్కకొచ్చి నిలబడింది. నల్లచీర, చెవిలో డిపార్ట్‌మెంట్ ఇయర్‌పీస్. చేతిసంచిలో డిపార్ట్‌మెంట్ ఇచ్చిన పిస్టల్.

“మీ బావగారి విషయంలో...” అని మొదలుపెట్టింది.

“పని చూడండి” అన్నాడు అర్జునరావు.

మైకు అందుకున్నాడు. “తర్వాతి రౌండ్ వి-70! ఇంత తేలికైన విమానం ఇంకోటి లేదు. ముక్కు ఎంత ఎత్తినా భయం లేదు. స్టిక్ పక్కకి వంచితే వెన్నలా తిరుగుతుంది. కాళ్ళతో రడ్డర్ పెడల్ నొక్కాల్సిన పనే లేదు. దీన్ని కూల్చుకున్న పైలట్లకి నడపడం రాదు, అంతే!” ఇంగ్లిష్‌లో మళ్ళీ అదే చెప్పాడు.

ఒక్కడు లేస్తాడనుకున్నాడు. హాలు హాలంతా లేచింది.

“నీకేటి తెల్సని సెప్తన్నావ్ అన్నా?”

“ముక్కు పైకెత్తి స్టిక్ వంచితే అటు కాదు, ఇటు పల్టీ కొడతాది! రడ్డర్ తొక్కాల్సిందే!”

“బావా, ఈడి సేతిలోంచి మైకు లాగీ ముందు!”

సెకండాఫీసరు లేచాడు. ఇంజనీరు లేచాడు. రేడియో ఆఫీసరు కుర్చీ ఎక్కి మరీ అరిచాడు. ఒక్క చేప కోసం వల వేస్తే సముద్రమంతా వచ్చి పడింది. ఈ ఆట ఆడేవాళ్ళలో తప్పు విని ఊరుకునేవాడు ఒక్కడూ లేడని అర్జునరావు లెక్కలో వేసుకోలేదు.

లేవనివాడు వంటవాడొక్కడే. అది రుజువు కాదు. వంటవాడికి విమానాలు తెలియకపోవచ్చు.

టైం మూడూ నలభై ఎనిమిది.

“అయితే చూపిస్తాను!” అంటూ అర్జునరావు తనే సీట్లో కూర్చున్నాడు. పెద్ద తెర మీద వి-70 పైకి లేచింది. ముక్కు ఎత్తాడు. ఇరవై డిగ్రీలు. ఇరవై ఐదు. విమానం వణుకుతోంది. ఇరవై ఏడు. స్టిక్ ఎడమకి వంచాడు.

విమానం కుడికి పల్టీ కొట్టింది. కుడి రెక్క మీద గిరగిరా తిరుగుతూ నేలకేసి పడుతోంది. హాలు గొల్లుమంది. ఆ ముగ్గురి మణికట్లూ గాలిలో మెలి తిరిగాయి. ఆటలో రడ్డర్ కావాలంటే జాయ్‌స్టిక్‌నే మెలితిప్పాలి. ఆటగాళ్ళ అలవాటు అది.

వంటవాడి చేతులు కదలలేదు. కానీ కళ్ళజోడు ఎడమ అద్దంలో, టేబుల్ కింద, అతని ఎడమ బూటు మెల్లగా ముందుకు జరిగి నేలని అణిచింది. మడమ గాల్లోకి లేచేంత గట్టిగా. లేని పెడల్‌ని, ఎప్పుడో పడిపోయిన విమానాన్ని నిలబెట్టడానికి.

పైగా ముప్పావుగంట నుంచి ఆ పొట్లంలో ఒక్క గింజ తగ్గలేదు.

“వంటవాడు” అని కాలర్ మైకులో గొణిగాడు అర్జునరావు.

రెండు సెకన్లు. వంటవాడి ఫోన్ మోగింది. చూసుకున్నాడు. పొట్లంతో సహా లేచి వెనక మెట్ల వైపు నడిచాడు. ఆ మాట విన్నవాళ్ళు ముగ్గురే: చీఫ్, గుమ్మం బయట ఉన్న మనిషి, నీలిమ.

అర్జునరావు విగ్గు పీకి విసిరేసి పరిగెత్తాడు. మెట్ల మలుపులో వంటవాడు పొట్లం చింపేశాడు. మరమరాలు జలజలా రాలాయి. చేతిలో పెన్‌డ్రైవ్. దాన్ని ఫోన్‌కి గుచ్చాడు. తెర మీద పచ్చగీత పాకుతోంది. ఎనభై శాతం. తొంభై.

అర్జునరావు నాలుగు మెట్ల మీది నుంచి దూకాడు. ఇద్దరూ దొర్లారు. మెత్తని మొహంవాడి చేతులు మెత్తగా లేవు. మోచేయి అర్జునరావు పెదవి చీల్చింది. తొంభై ఆరు. ఫోన్ కింది మెట్టు మీద పడింది. తొంభై ఎనిమిది. అర్జునరావు కాలు చాపి మడమతో ఒక్క పోటు పొడిచాడు. గాజు పగిలింది. పచ్చగీత ఆరిపోయింది.

అతని రెండు చేతులూ వంటవాడి గొంతు మీద బిగుసుకున్నాయి. ఆగి, రివర్స్ వచ్చి, మళ్ళీ గుద్దిన లారీ కళ్ళ ముందు ఆడింది. ఇంకొక్క క్షణం బిగిస్తే చాలు.

“వదిలెయ్” అంది వెనక నుంచి నీలిమ. పిస్టల్ అతని తల వెనక.

“వీడి మొహం చూళ్ళేదన్నావు.”

“చాలా అన్నాను. వదులు.”

అతను వదల్లేదు. ఆమె ట్రిగ్గర్ నొక్కింది. టిక్. మళ్ళీ టిక్.

“గుళ్ళు మధ్యాహ్నమే తీసేశాను” అన్నాడు అర్జునరావు వెనక్కి తిరక్కుండానే. “మా బావ నీ గాలానికి చిక్కాడు. ఇంటికొక్కడు చాలు.”

గుమ్మం దగ్గరి మనిషి ఆమె చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నాడు. చెవిలో చీఫ్ గొంతు: “అర్జునరావ్. ప్రాణాలతో.”

ఆ గొంతు కంటే ఇంకో గొంతు గట్టిగా వినిపించింది. అంతవరకూ ఆడిని బతకనియ్యి. అర్జునరావు ఒక్కొక్క వేలే సడలించాడు.

*

నావిగేటర్ తొమ్మిది రోజులు నోరు విప్పలేదు. అన్నం తినేవాడు, గోడ చూసేవాడు, చిన్నగా నవ్వేవాడు.

పదో రోజు అర్జునరావు ఇంగ్లిష్‌లో టైపు చేసిన రిపోర్టు ఒకటి తెచ్చి అతని ముందు పెట్టాడు. “మీరేం చెప్పక్కర్లేదు. కేసు ఇలా ముగించేస్తున్నాం.” ఎర్రపెన్ను ‘మర్చిపోయి’ వెళ్ళిపోయాడు.

అందులో ఇలా ఉంది: ‘నిందితుడు కేవలం వంటవాడు, సామాను మోసినవాడు. పథకమంతా నీలిమది. మాన్యువల్ మొత్తం శివరామకృష్ణ సంతోషంగా ఇచ్చాడు. నిందితుడు ఒకప్పుడు వి-70 నడపడం చేతకాక కూల్చుకున్నాడు. ఆ విమానం ఇరవై నాలుగు డిగ్రీలకే అదుపు తప్పుతుంది.’

గంట తర్వాత వచ్చి చూస్తే కాగితం ఎర్రగా ఉంది. వెనకవైపు కూడా నిండి, టేబుల్ మీదున్న తెల్లకాగితాల్లోకి పాకింది. ‘వంటవాణ్ణి కాదు, స్క్వాడ్రన్ లీడర్ని. పథకం నాది, నీలిమ నా మాట విన్నది. మాన్యువల్ సర్వర్ నుంచి తీసింది నా హ్యాకర్లు. టెక్నీషియన్ ఇచ్చింది నలభై ఒకటో పేజీ ఒక్కటే. బెదిరించినా మిగతాది ఇవ్వనన్నాడు. మర్నాడు పై ఆఫీసరుకి చెప్పేస్తానన్నాడు. అందుకే లారీ. అదుపు తప్పేది ఇరవై నాలుగుకి కాదు, ఇరవై ఎనిమిదికి. ఆ రోజు ఇంజన్ ఆగింది. తప్పు నాది కాదు.’ కింద సంతకం.

అర్జునరావు కాగితాలు లెక్కపెట్టాడు. “మా బావ ఒక్క పేజీతో ఆగాడు సార్. మీరు పదకొండు నింపారు.”

నావిగేటర్ నవ్వు అప్పుడు ఆగింది.

సోమవారం ఈశ్వరి యూనిఫాం ఇస్త్రీ చేయలేదు. మడతపెట్టి బీరువాలో పెట్టింది. కనకరత్నం ముగ్గు గిన్నె అడగడానికి వస్తే, “ఇవ్వను, పో” అంది.

మద్దిలపాలెంలో చీఫ్ ఆ పదకొండు పేజీలూ చదివి ఫైల్లో పెట్టి, చేపల కాటా మళ్ళీ ముందుకు లాక్కున్నాడు.

“ఇంతకీ ఆ వి-70 నిజంగా ఇరవై ఎనిమిదికేనా అదుపు తప్పేది?”

“తెలీదు సార్” అన్నాడు అర్జునరావు. “ఫోరంలో ముప్ఫై అని పెట్టాను. సాయంత్రానికల్లా చెప్పేస్తారు.”