చదవకుండా చెప్పిన అంకె

పొద్దున కాఫీలు కాగానే ఇల్లాలు కంప్యూటరు ముందు కూర్చుంది. ఎంబ్రాయిడరీ మిషనుకి డిజైన్లు తయారుచేయడం ఆవిడ పని. ఆ మిషనుని నడిపే సాఫ్ట్‌వేరు ఇరవై ఏళ్ళ నాటిది. ఇంట్లో ఉన్న ఈ ముసలి కంప్యూటరు మీద తప్ప ఇంకెక్కడా అది పనిచేయదు. పావుగంట గడిచిందో లేదో తెర బిగుసుకుపోయింది. నర్సుల యూనిఫారాల మీద కుట్టాల్సిన గుర్తు సగంలోనే పాడైపోయింది. మూడు రోజుల్లో ఇది నాలుగోసారి.

"మళ్ళీ మొరాయించింది," అందావిడ, ఎవరివైపూ చూడకుండా.

గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటున్న కూతురి ముఖం చిన్నబోయింది. కిటికీ పక్కన కూర్చున్న తండ్రి పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన పేపరు చదవడం మానేసి ఆరు నెలలైంది. పేజీలు తిప్పడం మాత్రం మానలేదు.

పాతికేళ్ళ నుంచి ఆయన కంప్యూటర్ మెకానిక్. కూతురు నాలుగేళ్ళుగా ఆయన షాపులోనే పని నేర్చుకుంటోంది. చూపు మందగించిన సంగతి ఆయన ఇంట్లో ఎవరి చెవినా వేయలేదు. తెలిస్తే చేతిలో స్క్రూడ్రైవరు లాక్కుని ఇంట్లో కూర్చోబెడతారని భయం. మరలు తడిమి విప్పొచ్చు, పాడైన ఫ్యాను చప్పుడు విని పట్టుకోవచ్చు. ఇన్నాళ్ళూ అలాగే నెట్టుకొచ్చాడు.

షాపులో ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. ఏ భాగం బిగించినా ముందు దాని మీది అంకె ఒకరు పైకి చదవాలి, రెండోవారు అట్టముక్క మీద రాసుకోవాలి. పెద్ద డిజైన్లు వేస్తుంటే నత్తనడక నడుస్తోందని భార్య పోరితే, మొన్న ఇంట్లో కూడా తండ్రీకూతుళ్ళు అదే పద్ధతిలో కంప్యూటరు డబ్బా విప్పారు. ప్రాసెసరుకీ మెమరీకీ మధ్య రాకపోకలు సాగే వేగాన్ని బస్ స్పీడ్ అంటారు. ఈ ప్రాసెసరు నూట ముప్పై మూడు మెగాహెర్ట్జ్ మీద నడవగలదు. మదర్‌బోర్డు మీద మాత్రం వంద దగ్గర పెట్టి ఉంది. పెంచాలంటే లోపలున్న మెమరీ కార్డులన్నీ ఆ వేగాన్ని తట్టుకునేవై ఉండాలి. ఒక్కటి తట్టుకోలేకపోయినా పని మధ్యలో ఆగిపోతుంది. ఇదంతా కూతురికి నేర్పింది ఆయనే.

ఆ రోజు పాత కార్డు తీసి, వెలుతురుకి తిప్పి, "నూట ముప్పై మూడు" అన్నాడు. నిజానికి ఆయనకి కనిపించింది ఒక బూడిదరంగు మరక. ఆ కాలం కార్డుల్లో చాలావాటికి అదే ఉంటుందిలే అనుకుని నోటికొచ్చింది చెప్పేశాడు. కూతురు రాసుకుంది. అదే వేగంది ఇంకో కార్డు కొనుక్కొచ్చి పక్కన బిగించి, బస్ స్పీడ్ పెంచింది. అప్పట్నుంచీ ఇదే తంటా. మొదటిసారి ఆగినప్పుడు, నువ్వు తెచ్చిన కార్డులోనే ఏదో తేడా ఉందని ఆయన అనేశాడు. పాపం ఆ పిల్ల రెండుసార్లు వెళ్ళి మార్చుకొచ్చింది.

ఇవాళ తల్లికి ఓపిక నశించింది. నాలుగేళ్ళు నేర్చుకున్నది ఇదేనా, ఒక్క కార్డు సరిగ్గా పెట్టలేని దానివి ఊళ్ళోవాళ్ళవి ఏం బాగుచేస్తావని దులిపేసింది. తండ్రి పేపరు దించలేదు.

"నిజమేనమ్మా. నాకీ పని రాదు," అంది కూతురు నెమ్మదిగా. "బట్టల కొట్లో బిల్లింగుకి మనిషి కావాలన్నారు. వెళ్ళి పనిలో చేరతానని చెప్పేస్తాను. నాన్నకి చెడ్డపేరు తేవడం దేనికి?"

ఆమె మెట్లు దిగుతున్న చప్పుడు ఆయనకి స్పష్టంగా వినిపించింది. చెవులకి ఏ లోటూ లేదు.

కాసేపటికి ఆయన లేచి డబ్బా విప్పాడు. కొత్త కార్డు తీసేసి పాతదొక్కటే ఉంచితే పది నిమిషాలకే ఆగిపోయింది. పాతది తీసి కొత్తదొక్కటే పెట్టాడు. గంటైంది, రెండు గంటలైంది. భార్య డిజైను పూర్తిచేసి, మిషను మీద కుట్టి కూడా చూసుకుంది. బాగైందని ఆవిడ సంతోషిస్తుంటే ఆయన పాత కార్డుని జేబులో వేసుకున్నాడు.

మధ్యాహ్నం కూతురు వచ్చేసరికి ఆయన గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. పాత కార్డు ఆమె చేతిలో పెట్టాడు.

"చదువు."

"వంద," అంది. మళ్ళీ చూసింది. "నాన్నా, ఇది వంద."

"ఆ రోజు నేను చదవలేదమ్మా. నాకు కనపడలేదు. చదివినట్టు చెప్పాను."

భార్య మిషను ఆపేసింది. ఎన్నాళ్ళ నుంచని అడిగితే ఆరు నెలలన్నాడు. ఆవిడ స్టూలు మీద కూలబడింది. పొద్దున తానన్న మాటలు ఆవిడకే తిరిగి తగిలాయి.

కూతురు కళ్ళ గురించి అడగలేదు.

"మూడు రోజులు నిద్రపోలేదు నాన్నా. ఎక్కడ తప్పు చేశానా అని రాసుకున్నవన్నీ తిరగేశాను. నీకు తెలిసి కూడా నన్ను అలాగే అనుకోనిచ్చావు."

తెలియలేదు, అనుమానం మాత్రమే వచ్చింది అందామనుకున్నాడు. ఆ రెండింటికీ పెద్ద తేడా లేదని ఆయనకే తోచింది. షాపు పోతుందని ఇన్నాళ్ళూ భయపడ్డాడు. పోగొట్టుకోబోయింది ఈ పిల్లనని ఇప్పుడర్థమైంది.

"రేపు పొద్దున్నే కంటి డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం," అంది కూతురు. గొంతులో కోపం ఇంకా తగ్గలేదు. "బట్టల కొట్లో సోమవారం నుంచి వస్తానని మాటిచ్చేశాను. ఇప్పుడు రానని చెప్పాలి. నువ్వూ రా."

"నేనేం చెప్పను?"

"మా అమ్మాయికి పని వచ్చని చెప్పు."

"వచ్చమ్మా," అన్నాడాయన. "నాకంటే బాగా వచ్చు."

నాలుగేళ్ళలో ఆయన ఆ మాట ఎన్నడూ అనలేదు. మూడు రోజులుగా కంటతడి పెట్టని పిల్ల, తండ్రి భుజం మీద తల ఆన్చి అప్పుడు ఏడ్చింది.