పూవు అడిగిన ఆదివారం

2024 ఆగస్టు పద్దెనిమిది, ఆదివారం. కోయంబత్తూరు పీళమేడులో, తరాల కిందటే అక్కడ స్థిరపడిన తెలుగువాళ్ళలో ఒకడైన రామచంద్రన్ ఇంట్లో ఆ ఉదయం సందగె చేశారు. ఉడికించిన బియ్యప్పిండిని మరలో సన్నగా ఒత్తి, బెల్లం కలిపిన కొబ్బరిపాలు పోసుకుని తినే పలహారం అది. పొల్లాచ్చి కొబ్బరి కావడంతో పాలు చిక్కగా వచ్చాయి. అయినా ఎవరూ రెండోసారి అడగలేదు.

కొడుకు భూపతి పళ్ళెంలో వేలితో గీతలు గీస్తున్నాడు. చెల్లెలు మేనక ఫోనులోంచి తల ఎత్తడం లేదు. ఇద్దరికీ ఇంకా పెళ్ళిళ్ళు కాలేదు. ఇవాళ్టి తగాదా మాత్రం దాని గురించి కాదు. అన్నాచెల్లెళ్ళు కలిసి ఇంటి ముందు గదుల్లోనే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ నడుపుతున్నారు. నూలుమిల్లుల్లో ఏ యంత్రం మీద దారం ఎందుకు తెగుతోందో కనిపెట్టి చెప్పడం వాళ్ళ పని. ఇప్పుడొక పెద్ద సంస్థ తన మిల్లులన్నిటికీ అది కావాలంది. దానికి కనీసం ముప్పైమంది ఇంజనీర్లు ఉండాలి. ఈ ఊళ్ళో పనికొచ్చేవాళ్ళను పెద్ద కంపెనీలు ముందే ఎగరేసుకుపోతున్నాయి. అందుకని ఇంకో ఊళ్ళో రెండో ఆఫీసు తెరవాలి. వాళ్ళ శక్తికి ఒక్కటే. ఎక్కడన్నది మర్నాడు సంస్థకు చెప్పాలి.

"హైదరాబాదులో పని తెలిసినోళ్ళు దొరుకుతారు. వచ్చిన దినమే కూర్చొని పని పట్టుకుంటారు," అన్నాడు భూపతి. "అదీగాక మన బాస, మన జనం."

"మన జనమా? పోయినతూరి నీ తెలుగు విని, తమిళమా సార్ అని అడిగిరంట గదా!" అంది మేనక.

"అడిగితే ఏమి? నీ మదురైలో ఎవురుండారు? నిన్న కాలేజీలోంచి బయటికొచ్చిన పిల్లలు."

"ఆమా, పిల్లలే. మదురై పక్కన కంబంలో, తేనిలో పుట్టి చదువుకున్న ఆడపిల్లలు. మదురై అంటే శనివారం బస్సెక్కి ఇంటికి రావచ్చని పంపుతారు. హైదరాబాదంటే ఏ తల్లి పంపుతాది? మన ఇలక్కియను చూడు. కంబంలో ద్రాక్షతోట పక్కన కూర్చొని మన పనిలో సగం లాగుతా ఉండాది."

"ఒక్క ఇలక్కియను చూపి ఊరంతా ఇలక్కియలే అంటే ఎట్ల కన్నూ?"

"కొట్టుకునేది తిన్నాక కొట్టుకోండి," అంటూ మేనత్త జానకమ్మాళ్ భూపతి పళ్ళెంలో ఇంకో గరిటె కొబ్బరిపాలు పోసింది. కోపంగా ఉన్నవాడికి అడక్కుండా వడ్డించడం ఆవిడకు తెలుసు.

భూపతి చెయ్యి కడుక్కుని వచ్చాడు. "నాయనా, నేను సెప్పేస్తా ఉండాను. మదురైనే అంటే కంపెనీని రెండుగా పంచేసుకుందాము."

మేనక మొహం తెల్లబోయింది. రామచంద్రన్ గొంతు సవరించుకున్నాడు. భార్య పోయిన దగ్గరనుంచి ఆయన ఇంట్లో గట్టిగా ఏదీ చెప్పడం మానేశాడు.

"పంచుకునే మాట వద్దు. పూవు అడుగుదాము," అన్నాడు.

ఆ వైపు ఇళ్ళల్లో ఎటూ తేలని సంగతులు అట్లాగే తేల్చుకుంటారు. తెల్లపూలొక ఆకులో, ఎర్రపూలొక ఆకులో పెట్టి, రెండూ ఒకేలా పొట్లాలు కట్టి ఇంటిదేవత ముందు ఉంచుతారు. దణ్ణం పెట్టుకుని చిన్నపిల్లల చేత ఒకటి తీయిస్తారు. తీసిందే మాట. రెండోది విప్పకుండా చెట్టు మొదట్లో వేస్తారు.

అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ ఒప్పుకున్నారు. తెలుపు మదురై, ఎరుపు హైదరాబాదు. మేనక పెరట్లో నందివర్ధనాలూ ఎర్రగన్నేరులూ కోసి తెచ్చింది. రామచంద్రన్ దేవుడి గదిలోకి వెళ్ళి పొట్లాలు కట్టాడు.

"తీసేదానికి చిన్నపిల్లలు లేరే?" అంది మేనక.

"నేను లేనా? నాకూ పళ్ళు లేవు, నాకూ ఒకరు అన్నం కలిపి పెట్టాల," అని జానకమ్మాళ్ ముందుకొచ్చింది. కళ్ళు మూసుకుని ఒక పొట్లం తీసింది. విప్పితే తెల్లపూలు.

భూపతి మాట ప్రకారం తల ఊపాడు. రెండో పొట్లం చెట్టు మొదట్లో వేయడానికి తనే తీసుకుని పెరట్లోకి నడిచాడు. గట్టిగా పట్టుకున్నాడేమో, పచ్చి ఆకు చిరిగింది. లోపలివీ తెల్లపూలే.

"మేనకా!"

ఆ అరుపుకి ముగ్గురూ పెరట్లోకి వచ్చారు.

"సామి దగ్గర కూడా దొంగాటేనా? పూలు కోసింది నువ్వే గదా! అంత ఆశ ఉంటే నన్నడిగుంటే ఇచ్చేసి ఉందును గదా!"

"అన్నా, అమ్మ మీద ఆన! నేను రెండు రంగులూ కోసిస్తిని."

"అమ్మను ఇందులోకి లాగొద్దు."

మేనక తండ్రి వైపు చూసింది. రామచంద్రన్ స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాడు. ఒక్క మాట చెప్పడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. ఆ చాలాసేపూ కూతురు దోషిలా నిలబడే ఉంది.

"పాపను తిట్టొద్దు. నేనే పెడ్తిని," అన్నాడు చివరికి.

"మీరా నాయనా? యాల?"

"హైదరాబాదంటే నువ్వు పోతావు. పోతే మళ్ళీ రావు. మీ అమ్మ పోయినాక, నీ బండి చప్పుడు వింటేనే నాకు కూడు లోపలికి దిగతాది. మదురై అయితే పాప పోయి చూసుకుంటాది, నువ్వు ఈడనే ఉంటావని..."

మేనక తండ్రి దగ్గరికి వచ్చింది. "నేను పోతే పరవాలేదా నాయనా?"

"నువ్వు వారం వారం వస్తావు కన్నూ. వాడు రాడు."

"నా మాట ఎవురో ఒకరు విన్నారని సంతోషపడితిని. సామైనా వినిందని," అంటూ ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని ఆఫీసు గదిలోకి వెళ్ళిపోయింది. రామచంద్రన్ పిలవబోయి ఆగాడు. తాను ఎవరిని నిలుపుకోవాలని చూశాడో ఆ కొడుకు తలెత్తి తన మొహం చూడటం లేదు. వారం వారం వస్తుందనుకున్న కూతురు, ఒకే ఇంట్లో ఉండి, అంత దూరం వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం దాటాక భూపతి ఆఫీసు గది తలుపు దగ్గర నిలబడ్డాడు.

"మేనకా, తప్పయిపాయ. నిన్ను అట్ల అనకూడదు."

"పోన్లే. కూర్చో."

భూపతి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తర్వాత మేనకే మొదలుపెట్టింది. "నేనూ ఒకటి దాచితిని. మదురై పిల్లలు తెలివైనోళ్ళే. అయితే మన పని పట్టుకునేదానికి ఆరు నెలలు పడతాది. నేర్పించేవాళ్ళు లేకపోతే మునిగిపోతాము."

భూపతి నవ్వాడు. "నేనూ దాచితిని. హైదరాబాదులో నేను చూసినోళ్ళు గెట్టివాళ్ళే. మనం ఏం చేస్తామని ఒక్కరూ అడగలేదు. పక్క కంపెనీవాళ్ళు ఎంతిస్తారో అదే మాట. ఏడాది నిలుస్తారని నాకూ నమ్మకం లేదు."

"మరి యాల అంత పట్టు?"

"ఈ ఇంట్లో నేనెప్పుడూ కొడుకునే గదా. ఒక్క ఊళ్ళో అయినా నేనుగా ఉండి చూద్దామని."

మేనక అన్న మొహంలోకి చూసింది. "అయితే మదురైకి నువ్వే పో."

"నేనా?"

"నేర్పించేది నీకే చేతనవుతాది. ఇలక్కియకు ఎవురు నేర్పించిరి, నువ్వే గదా? ఈడ మిల్లువాళ్ళతో మాట్లాడేది నేను చూసుకుంటాను."

సాయంత్రం ఇద్దరూ కలిసి వచ్చి తండ్రి ముందు కూర్చున్నారు. మదురై అని చెప్పారు. వెళ్ళేది ఎవరో కూడా చెప్పారు. రామచంద్రన్ కొడుకు చెయ్యి పట్టుకున్నాడు. ఆ చేతిని వదలడానికి ఆయన పడుతున్న కష్టం అందరికీ కనిపించింది.

"పో సామీ," అన్నాడు. "ఈసారి నేనే పంపుతా ఉండాను." తర్వాత కూతురు వైపు తిరిగాడు. "నువ్వు ఎక్కడ ఉండాలో నిన్ను అడగకుండా నేనే తేల్చేస్తిని కన్నూ. మనసులో పెట్టుకోవద్దు."

మేనక లేచి వచ్చి ఆయన పక్కన కూర్చుని భుజం మీద తల వాల్చింది. అదే చాలనుకున్నాడు ఆయన.

"ఇప్పుడైనా ఎవురైనా తింటారా?" అని జానకమ్మాళ్ వంటింట్లోంచి కేకేసింది. ఈసారి అందరూ రెండోసారి వడ్డించుకున్నారు.

భోజనాలయ్యాక మేనక ఆఫీసు గదిలో కూర్చుని మదురై అని మిల్లువాళ్ళకు రాయడం మొదలుపెట్టింది. మధ్యలో తలెత్తకుండానే, "అన్నా, ఇలక్కియకు ఫోన్ చేసి సెప్పు, సంతోషపడతాది," అంది. రామచంద్రన్ కాసేపు గుమ్మంలో నిలబడి ఆ ఇద్దరి మాటలూ విన్నాడు. హాల్లో జానకమ్మాళ్ అప్పటికే నిద్రపోయింది. ఆవిడ లేవకుండా, ఆయన వీధి తలుపు మెల్లగా దగ్గరికి వేసి గడియ పెట్టాడు.