కళ్ళు మూసుకుని అడిగిన మాట

ఆ శనివారం పొద్దున ఆకాశం తోమి బోర్లించిన సత్తు గిన్నెలా ఉంది. అంచుల నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. నేను సన్నీవేల్ నుంచి శాన్ రామన్‌లో రాజు గారింటికి చేరేసరికి తుంపర కాస్తా వాన అయింది.

చర్చి వాట్సాప్ గ్రూప్‌లో ఒక్కొక్కరే సారీ పెట్టారు. పిల్లకి జలుబని ఒకరు, టైర్లు అరిగాయని ఒకరు. నది ఒడ్డున పాత జపాన్ వాళ్ళ వీధి చూడ్డానికి పన్నెండు మందిమి వెళ్ళాల్సిన ట్రిప్పుకి చివరికి నలుగురం మిగిలాం. మా తెలుగు చర్చి పెద్ద షాలేం రాజు గారు, ఆయన భార్య ప్రిస్సిల్లా ఆంటీ, వాళ్ళమ్మాయి లూసీ, నేను.

లూసీ ఇక్కడే, అమెరికాలోనే పుట్టింది. హాస్పిటల్లో నర్సు. నేను దేవకుమార్‌ని. నరసాపురం అవతల లంక ఊళ్ళో బడి చదువు, ఇక్కడ కంప్యూటర్ ఉద్యోగం. మాటలు తక్కువ.

నేను నచ్చానని ఏడాది కిందట లూసీయే చెప్పింది. “నాకూ” అనడానికి నాకు రెండు నెలలు పట్టింది. అదీ టెక్స్ట్‌లో.

ఆంటీ ఫాయిల్ ట్రేలు వ్యాన్‌లో సర్దుతుంటే లూసీ గొడుగు నా మీదకు వంచింది.

“దేవ్, లాస్ట్ ఛాన్స్. జెర్సీ సిటీ సంబంధం వాళ్ళు రేపు సర్వీస్ అయ్యాక కాల్ చేస్తారు. డాడీ ఓకే చెప్పేస్తారు.”

“నువ్వు వద్దను.”

“అన్నాను! డాడీ ఏమన్నారో తెలుసా? ‘నీకు నచ్చినవాడికి నోరుంటే వచ్చి నన్ను అడగమను. అడగలేనివాడు రేపు నిన్నేం చూసుకుంటాడు?’ అన్నారు. హోల్ డే ఉంది. జస్ట్ అడుగు.”

“ఊఁ.”

“ఊఁ అంటే?”

“అడుగుతా.”

“ప్రామిస్?”

“ఊఁ.”

తను గొడుగుతో సహా వెళ్ళిపోయింది. నేను తడిశాను.

వ్యాన్ నడుపుతూ రాజు గారు నాకు మాట ఎత్తడానికి మూడుసార్లు దారి ఇచ్చారు. “ఏం బాబూ, విశేషాలు?” అన్నారు. “ఏం లేవండి” అన్నాను. “జాబ్ ఎలా ఉంది?” “బానే ఉందండి.” “ఇంక, లైఫ్‌లో ప్లాన్స్ ఏంటి?” వెనక సీట్లోంచి లూసీ నా కుర్చీని మోకాలితో ఒక్క తోపు తోసింది. “దేవుడి చిత్తమండి” అన్నాను. రాజు గారు మీసం సవరించుకుని రేడియో పెట్టారు.

శాక్రమెంటో నది కనిపించింది. కట్ట మీద రోడ్డు. ఒక పక్క నిండుగా ఏరు, రెండో పక్క ఏటి నీటికన్నా పల్లంలో తోటలు. పియర్ చెట్లు తెల్లగా పూసి వానకు తల వంచుకున్నాయి.

“ఇది మా ఏటిగట్టు లాగే ఉందండి” అన్నాను. దారంతటికీ అదే నా పొడుగాటి వాక్యం.

కట్ట దిగువన ఆ వీధి ఉంది. వందేళ్ళ కిందట జపాన్ నుంచి వచ్చిన వర్తకులు కట్టుకున్నది. కింద కొట్టు, పైన కాపురం, అన్నీ చెక్కవే. చాలావరకు మూసి ఉన్నాయి. ఒక బట్టల కొట్టును మాత్రం మిసెస్ మోరిటా అనే పెద్దావిడ తాతగారి నాటి తీరులోనే ఉంచి, వచ్చినవాళ్ళకు చూపిస్తోంది. అరల్లో తానులు, గోడకు కొలబద్ద. కౌంటర్ బల్ల ఒక్కచోట అరిగి గుంట పడింది. అక్కడే బట్ట కొలిచేవారట.

లూసీ ఆ గుంటలో చెయ్యి పెట్టి చూసింది. నేనూ పెట్టాను. తను తియ్యలేదు, నేనూ తియ్యలేదు. వెనక రాజు గారు దగ్గారు. ఇద్దరం తీశాం.

వెనక చాపలు పరిచిన గది ఉంది. చెప్పులు మెట్టు మీద వదిలి లోపలికి వెళ్ళాం. నేను చివరన ఉన్నాను. వెనక్కి చూస్తే మిసెస్ మోరిటా మోకాలు పట్టుకుని కిందకు వంగబోతోంది. ఏమిటని అడిగాను. అతిథుల చెప్పులు మొన బయటికి ఉండేలా తిప్పి పెట్టడం వాళ్ళ పద్ధతట. వెళ్ళేటప్పుడు నేరుగా కాళ్ళు దూర్చుకోవచ్చు. మీరుండండి అని సైగ చేసి నేనే వంగాను. ఆవిడ నవ్వి టీ తేవడానికి వెళ్ళింది.

సరిగ్గా అప్పుడే రాజు గారు ఫోన్ కోసం బయటికొచ్చారు. నా ఒక చేతిలో ఆయన బూటు. రెండో చేతిలో లూసీ చెప్పు.

ఆయన మొహం మారిపోయింది.

“ఏంటయ్యా ఇది! లే, ముందు లే! పిల్ల కావాలంటే నోటితో అడగాలి గానీ, ఇలా చెప్పులు మొయ్యడమేంటి? నేనేమన్నా దొరనా? మా ఇంటి పరువేం కావాలి?”

చెప్పొచ్చు. నాలుగు ముక్కలు చాలు. బూటు మెట్టు మీద పెట్టాను. నోరు తెరిచాను. మూశాను.

“దేవ్, ఎక్స్‌ప్లెయిన్ చెయ్!” కేకకి బయటికొచ్చిన లూసీ కళ్ళల్లో నీళ్ళు. “ఏం చేస్తున్నావో చెప్పు, అంతే!”

టీ ట్రేతో మిసెస్ మోరిటా వచ్చి, నాకు థాంక్స్ చెప్పి, మోకాలి ఆపరేషన్ అయ్యాక వంగలేకపోతున్నానని, ఆ పద్ధతేమిటో ఇంగ్లీషులో వివరించింది. రాజు గారు తన బూట్లకేసి చూశారు. బయటికి తిరిగి బుద్ధిగా ఉన్నాయి.

“ఆ మాట ముందే చెప్పొచ్చు కదా బాబూ” అన్నారు, గొంతు తగ్గించి.

టీ తాగుతుంటే ఆవిడ తాతగారి సంగతి చెప్పింది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, జపాన్ వాళ్ళని అనుమానించి, ప్రభుత్వం ఆ వీధి మొత్తాన్ని నిర్బంధ క్యాంపుకి తరలించిందట. పక్క తోట రైతు కొట్టు తాళంచెవి తన దగ్గర దాచి, మూడేళ్ళ తర్వాత తిరిగి చేతిలో పెట్టాడట. తానుల మీద దుమ్ము తప్ప ఒక్క గజం తగ్గలేదట. తాతగారు ఏమీ అనలేదట. బతికున్నన్నాళ్ళూ వేసవిలో మొదటి పుచ్చకాయ ఆ రైతు గుమ్మంలో పెట్టి వచ్చేవారట.

“నోటితో ఒక్కసారీ చెప్పలేదా?” అడిగారు రాజు గారు.

“లేదు. ఆ రైతు పోయిన రోజు మాత్రం తాత ఈ మెట్టు మీద కూర్చుని ఏడ్చాడట. ఒక్కసారైనా చెప్పి ఉండాల్సిందని.”

టీ చల్లారిపోయింది. నేను తాగలేదు.

వాన తగ్గలేదు. కొట్టు వరండాలోనే బల్ల వేసి ఆంటీ ట్రేలు విప్పింది. రొయ్యల పలావు, కోడి వేపుడు, పెరుగు చట్నీ. మిసెస్ మోరిటాను కూడా కూర్చోబెట్టింది.

రాజు గారు నాకేసి చూశారు.

“దేవకుమార్, నువ్వు ప్రార్థన చెయ్యి బాబూ.”

అందరూ తలలు వంచారు. నా భోజన ప్రార్థన చర్చిలో అందరికీ తెలిసిందే. ఐదు సెకన్లు. ఆంటీ అప్పటికే గరిటె పట్టుకుంది.

“మా పరలోకపు తండ్రీ, ఈ ఆహారము కొరకు స్తోత్రములు.”

రోజూ అక్కడే ఆపుతాను. కానీ కళ్ళు మూసుకుంటే రాజు గారి మీసం కనిపించడం లేదు. ఎవరూ నన్ను చూడడం లేదు.

“ఇది వండిన చేతుల కోసం స్తోత్రం. నేనీ దేశం వచ్చిన మొదటి క్రిస్మస్‌కి ముక్కూమొహం తెలియని నాకు అన్నం పెట్టారు, తండ్రీ. జ్వరమొస్తే సన్నీవేల్ దాకా చారు పట్టుకొచ్చారు.”

“స్తోత్రం” అంది ఆంటీ మెల్లిగా. గరిటె బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది.

“లేఆఫ్ అయిన మూడు నెలలూ రాజు గారు ప్రతి సోమవారం ఫోన్ చేసి, తిన్నావా అని అడిగారు. నేను ఊఁ అన్నాను. ఫోన్ పెట్టేశాక ఏడ్చేవాణ్ణి. అది ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు. తప్పు నాదే ప్రభువా.”

ఎవరో ముక్కు ఎగబీల్చారు.

“లూసీ కోసం స్తోత్రం. నేను చెప్పని మాటలు కూడా తను ఓపిగ్గా విన్నది. తనని నాకిమ్మని రాజు గారిని అడగాలి, తండ్రీ. ఆయన మొహం చూసి అడగలేక నీకు చెబుతున్నాను. ఆయన ఇక్కడే ఉన్నారు, వింటున్నారు. తనని బాగా చూసుకుంటాను. మాట్లాడ్డం నేర్చుకుంటాను. కొంచెం టైం ఇప్పించు.”

“అవును ప్రభువా!” అంది ఆంటీ, ఈసారి గట్టిగా.

“యేసు నామమున అడుగుచున్నాను తండ్రీ.”

ఇక మిగిలింది ఆమెన్. ఆ మాట నేననలేదు. అది నేననాల్సింది కాదనిపించింది.

వరండా రేకు మీద వాన పడుతోంది. కట్ట మీద ఒక ట్రక్ వెళ్ళింది. నేను కళ్ళు తెరవలేదు.

గొంతు సవరించుకున్న చప్పుడు.

“ఆమెన్” అన్నారు షాలేం రాజు గారు.

ఆంటీ అంది. లూసీ అందరికన్నా గట్టిగా అంది. తెలుగు ముక్క తెలియని మిసెస్ మోరిటా కూడా, కొంచెం ఆలస్యంగా అంది.

కళ్ళు తెరిచేసరికి రాజు గారు కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు. నా వైపు చూడలేదు. పలావు ట్రే దగ్గరకు లాక్కుని, రొయ్యలు ఏరి ఏరి నా ప్లేటులో వేశారు. తర్వాత లూసీ ప్లేటులో వేశారు. లూసీ చట్నీ గిన్నె నా పక్కకు జరిపింది.

పలావు చల్లారిపోయింది. వాన చూస్తూ, ఐదుగురం, అడుగంటా తిన్నాం.