పూడని గుంత

కుంఠా నాకా దగ్గర, పవర్‌లూమ్ కార్ఖానాల వెనక సందులో ఒంటిగది ఖోలీలు ఆరు వరసగా ఉన్న చాళ్ ఒకటి ఉండేది. మట్టి గోడలు, పెంకుల కప్పు, ముందర చిన్న వసారా. పంతొమ్మిది వందల యాభై ఆరులో, ఆషాఢం వానలు పట్టుకున్న వారానికి అంబాదాస్ తన పెళ్ళాం ద్రౌపదినీ, తొమ్మిది నెలల కూతురు సావిత్రినీ తీసుకొచ్చి అక్కడ చివరి ఖోలీలో దిగాడు. అతనికి వెనక కార్ఖానాలోనే పని. పొద్దున పోతే దీపాలు పెట్టే వేళకు వచ్చేవాడు. ద్రౌపది ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టేది.

ఖోలీకి వంక పెట్టడానికి ఏమీ లేదు, నడిమధ్యన ఉన్న గుంత తప్ప.

అది మగ్గం గుంత. అంతకుముందు ఆ ఖోలీలో సిద్ధరాములు అనే ముసలి నేతగాడు ఉండేవాడట. గుంత అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి వదిలి, కింది చెక్కలు తొక్కుతూ చీరలు నేసేవాడట. ఇప్పుడు మగ్గం లేదు, చెక్కలు లేవు, ముసలాయనా లేడు. నడుము లోతు గుంత మాత్రం మిగిలింది. సావిత్రి అప్పుడప్పుడే పాకుతోంది. రెండుసార్లు అంచు దాకా పోయింది కూడా.

ఇంటి యజమానురాలు సుందరాబాయిని గుంత పూడిపించమని అడిగితే, వాకిట్లోనే నిలబడి కస్సుమంది.

"పూడ్సుకుంటరో, అండ్లనే పండుకుంటరో మీ ఇష్టం. నన్ను మాత్రం మళ్ళ పిలవొద్దు."

"ఆ ముసలాయన ఏడికి పోయిండు పెద్దమ్మా?" అంది ద్రౌపది, మాట కలుపుదామని.

"ఊరికి పోయిండు. నీకెందుకే?"

సుందరాబాయి అంతటితో వెనక్కి తిరిగింది. అంతసేపు మాట్లాడినా ఆమె గడప దాటి లోపలికి రాలేదన్న సంగతి ద్రౌపదికి తర్వాత తట్టింది.

సెలవు రోజున మొగుడూ పెళ్ళాం పనికి దిగారు. ఇద్దరికీ ఇలాంటి పని చేతనయ్యేది కాదు. పగిలిన పెంకులు, ఇటుక ముక్కలు, సందు చివర నుంచి మోసుకొచ్చిన గరుకు మొరం మట్టి, అన్నీ కలిపి గుంతలో కుమ్మరించారు. కాళ్ళతో తొక్కారు. పైన మట్టి మెత్తి, ద్రౌపది పేడతో అలికింది. చక్కగా కనిపించింది నేల. తెల్లారి లేచి చూస్తే రెండు వేళ్ళ లోతు కుంగింది.

పక్క ఖోలీలో ఉండే నర్సప్ప మేస్త్రీ వచ్చి చూసి నవ్వాడు.

"ఒక్కసారే నింపితె గిట్లనే అయితది బిడ్డా. లోపల గాలుంటది. మొత్తం తీసెయ్యుండ్రి. జానెడు మొరం పోసి, నీళ్ళు చల్లి, దిమ్మిసతోని గట్టిగ కొట్టాలె. అది ఆరినంక మళ్ళ జానెడు. తొందర పడొద్దు."

తన దిమ్మిస కూడా ఇచ్చాడు. నిలువు కర్రకు కింద బరువైన చెక్క మొద్దు బిగించింది. ఈసారి వాళ్ళు తొందర పడలేదు. నాలుగు రోజులు, రోజుకు ఒక వరస. పద్దెనిమిది తట్టల మొరం పట్టింది. చివరికి నేల మీద మడమతో తన్నితే మడమే నొప్పి పుట్టింది. అంబాదాస్ మీసం తడుముకుని నవ్వాడు.

మూడో రోజు ఆ నేల మీద రెండు పల్లాలు పడ్డాయి. పక్కపక్కనే, రెండు పాదాల్లా. ఒక్కొక్కటి జానెడున్నర పొడుగు, బెత్తెడు వెడల్పు.

"బిందె పెట్టినవా ఈడ?" అన్నాడు అంబాదాస్.

"రెండు బిందెలు నెత్తిల పెట్టుకుని ఎగిరిన," అంది ద్రౌపది. "కండ్లు లేవా నీకు? అవి బిందెల గుర్తులేనా?"

అతను అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

ఆ మధ్యాహ్నం ఆమె ఒక్కతే ఆ పల్లాల్లో మొరం పోసి దిమ్మిస అందుకుంది. బయట వాన ఏకధాటిగా కురుస్తోంది. పగలే ఖోలీలో మసక కమ్మింది. దూలానికి కట్టిన చీర ఉయ్యాల్లో సావిత్రి నిద్రపోతోంది. వెనక కార్ఖానాలో కరెంటు పోయినట్టుంది, మరమగ్గాల మోత ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఎక్కడినుంచో పులిసిన గంజి వాసన వచ్చింది. నూలుకు పట్టించే గంజి. వాళ్ళింట్లో నూలు లేదు.

ద్రౌపది దిమ్మిస ఎత్తి వేసింది. దబ్.

దబ్.

గోడలకు తగిలి తిరిగొచ్చిన చప్పుడు అనుకుంది. మళ్ళీ వేసింది. మళ్ళీ అదే జవాబు, ఈసారి కొంచెం ముందుగా. ఆమె దిమ్మిసను గాల్లోనే ఆపింది.

దబ్.

ఆమె పాదాల కింద నేల అదిరింది. కింద నుంచి. ఎవరో లోపల నిలబడి, పిడికిలితో పైకప్పును గుద్దుతున్నట్టు.

తర్వాత గొంతు వినిపించింది. గట్టిగా కాదు. దగ్గు అణుచుకుంటూ, పళ్ళ మధ్య నుంచి...

"ఎంతసేపు కొడతవే... నా నెత్తి మీద?"

దిమ్మిస చేతిలోంచి జారింది. ఉయ్యాల్లోంచి బిడ్డను లాక్కుని, వానలో తడుస్తూ నర్సప్ప ఇంట్లో పడింది. వానకు పని లేక ఇంట్లోనే ఉన్న ఆయన అంతా విన్నాడు.

"ముసలాయన ఊరికి పోయిండని సుందరాబాయి చెప్తది," అన్నాడు. "ఖోలీ ఖాళీ చెయ్యనని సిద్ధరాములు ఆమెతోని రోజూ కొట్లాడెటోడు. ఒకనాడు మగ్గం చప్పుడు బందయింది. ఆయన పోంగ నేను చూడలే. ఎవ్వరు చూడలే. చెప్పులు మాత్రం నెల దినాలు గడప ముందటనే ఉన్నయ్."

దీపాలు పెట్టే వేళకు అంబాదాస్ వచ్చాడు. సంగతి వింటూనే మండిపడ్డాడు.

"ఎలుకలు బొక్కలు చేసి ఉంటయ్. చప్పుడు అదే. చూపిస్త ఉండు!"

గడ్డపార తీసుకుని ఖోలీలోకి పోయాడు. ద్రౌపది లాంతరు పట్టుకుని, బిడ్డను చంకనేసుకుని గడపలో నిలబడింది. నాలుగో పోటుకు గడ్డపార సగం దాకా దిగబడింది. నేల పైపెచ్చు విరిగి లోపలికి పడింది. పడిన చప్పుడు కాసేపటికి గానీ వినిపించలేదు.

ఇద్దరూ వంగి చూశారు.

గుంత ఖాళీగా ఉంది. పద్దెనిమిది తట్టల మొరంలో ఒక్క రాయి లేదు. గోడలు నున్నగా, నిన్ననే చెక్కినట్టు ఉన్నాయి. అడుగు పొడిగా, ఊడ్చినట్టు శుభ్రంగా ఉంది.

"దిగకు," అంది ద్రౌపది.

అతను అప్పటికే దిగాడు. నిలబడ్డాడు. నడుము దాకానే ఉంది లోతు. "చూడు. ఏముంది?" అని నవ్వబోయాడు.

నవ్వు సగంలో ఆగింది.

"ద్రౌపదీ..."

అతని కుడికాలు కిందికి పోయింది. పైకి వచ్చింది. ఎడమకాలు పోయింది. పైకి వచ్చింది. అతను కదిలించడం లేదు. కుడి... ఎడమ... కుడి... అక్కడ చెక్కల్లేవు. అయినా చెక్క కిర్రుమంటున్న చప్పుడు. ప్రతిసారీ పాదం ఇంకాస్త లోతుకు దిగుతోంది. నడుము దాకా ఉన్న గుంత ఛాతీ దాకా వచ్చింది.

"కాళ్ళు పట్టుకున్నడే... రెండు కాళ్ళూ పట్టుకున్నడు..."

ద్రౌపది లాంతరు కింద పెట్టి, బిడ్డను గడప అవతలికి దించి, అతని చంకల కింద చేతులు వేసి లాగింది. కిందనుంచి అంతే బలంతో ఎదురు లాగుడు. పులిసిన గంజి వాసన ముక్కు బద్దలు కొట్టింది. ఆమె చెవి పక్కనే, తడిగా, ఆ గొంతు...

"ఉండనియ్యి... నా కాడ... ఉండనియ్యి..."

"నర్సప్ప కాకా!" అని ఆమె చాళ్ అదిరేలా అరిచింది. ఆయన పరిగెత్తుకొచ్చి అంబాదాస్ భుజాలు పట్టుకున్నాడు. ఇద్దరూ గుంత అంచుకు కాలు తన్ని లాగితే, మూడో ఊపుకు అతను వెల్లకిలా వచ్చి వాళ్ళ మీద పడ్డాడు. మోకాళ్ళ కింద చర్మం తెల్లగా పాలిపోయి ఉంది. వేళ్ళ గుర్తులు నల్లగా తేలాయి. ఒక్కో కాలికి పదేసి వేళ్ళు.

ఆ రాత్రి వాళ్ళు నర్సప్ప ఇంట్లో కూర్చునే తెల్లవార్చారు. పొద్దున సామాను బండికెక్కిస్తుంటే సుందరాబాయి వచ్చింది. ఎందుకు పోతున్నారని అడగలేదు. అంబాదాస్ కాళ్ళకేసి చూడలేదు.

"గుంత మూసే ఉన్నదా?" అని మాత్రం అడిగింది.

"తెరిసే ఉన్నది," అంది ద్రౌపది. "పో. పోయి చూసుకో."

సుందరాబాయి అక్కడే, తడి వసారాలో కూలబడిపోయింది.

అంబాదాస్ ఎనిమిది రోజులు నిలబడలేకపోయాడు. తర్వాత మెల్లగా తేరుకుని పనిలోకి పోయాడు. అక్కల్‌కోట్ రోడ్డు వైపు వాళ్ళకు వేరే ఖోలీ దొరికింది. దిగే ముందు ద్రౌపది నేలంతా చేత్తో తట్టి చూసుకుంది. షాబాదు బండలు, సందుల్లో గట్టిగా కూరిన సున్నం. ఎక్కడా బోలు చప్పుడు లేదు. ఆ ఇంట్లో ఆమె మొదటిసారి కంటినిండా నిద్రపోయింది.

నెల గడిచింది. ఒక మధ్యాహ్నం, మంచి ఎండ. సావిత్రి చాప మీద పడుకుంది. ద్రౌపది చుట్టిన బీడీలు చాటలో పెట్టి, బిడ్డ మీద దుప్పటి సరిచేయబోయింది.

బిడ్డ కుడి చీలమండకు దారం కట్టి ఉంది.

బీడీలకు కట్టే దారం కాదు. ఎర్ర నూలు పోగు. ముట్టుకుంటే గంజి పట్టించినట్టు తడిగా, జిగటగా ఉంది. కొస చాప అంచు దాటి, రెండు బండల మధ్య, సున్నం చెక్కు చెదరని సందులోకి దిగి ఉంది.

ఆమె కత్తెర అందుకుని కత్తిరించింది.

తెగిన కొస కాసేపు నేల మీద అలాగే పడి ఉంది. తర్వాత... తొందరేమీ లేకుండా, ఎవరో కింద కూర్చుని నూలు కండెకు చుట్టుకుంటున్నట్టు, కొంచెం కొంచెంగా సందులోకి జారిపోయింది.