చెట్టు అంగీకారం

తుళ్లూరు దాటాక, పత్తి చేల పక్కన లక్ష్మీకాంత్ వేసిన వెంచర్ ఉంది. చీకటి పడితే అటు ఎవరూ వెళ్లరు. ఒకప్పుడది అతని మామిడి తోటే. అన్నీ నరికి ప్లాట్లు చేశాక ఒక్క చెట్టు మిగిలింది. రాత్రిళ్లు దాని కింద గడగడా నీళ్లు తాగుతున్న చప్పుడు...

దగ్గరికెళ్లి చూసినవాడు లేడు. దెయ్యమని మాత్రం అందరూ తేల్చేశారు. కూలీలు రంపం పట్టేది లేదన్నారు.

లక్ష్మీకాంత్‌కి దెయ్యమంటే భయం, గజం రేటంటే భక్తి. భక్తే గెలిచింది. బావమరిది కోటేష్‌ని పిలిచాడు. ఆ తర్వాత జరిగింది నాకు కోటేషే చెప్పాడు.

కాపు రాని చెట్టుని గ్రహణం రాత్రి బెదిరించే అలవాటొకటి ఉంది. ఒకడు గొడ్డలెత్తి, "కాస్తావా, నరకనా?" అంటాడు. వెనక దాక్కున్నవాడు చెట్టు తరఫున, "కాస్తానయ్యా, ఈ ఏడు వదిలెయ్" అంటాడు. లక్ష్మీకాంత్ దాన్ని తిరగేశాడు.

"ఒరేయ్, నువ్వు 'కాయను, నరుకు' అను. కూలీలు వింటారు. చెట్టే ఒప్పుకుందంటాం."

దోపిడీకి కూడా అంగీకారపత్రం కావాలి వీళ్లకి! మనుషుల సంతకాలు సరిపోక చెట్టు నోటిదాకా వచ్చారు.

గ్రహణం పట్టింది. కూలీలు రోడ్డు మీదే ఆగిపోయారు. కోటేష్ మాను వెనక నక్కాడు. కాళ్ల కింద నేల తడిగా తగిలింది... మండు వేసవి. వాన పడి నెలలైంది.

లక్ష్మీకాంత్ చేతిలో గొడ్డలి లేచింది.

"కాస్తావా — నరకనా?"

కోటేష్ నోరు తెరిచాడు. వెనకనుంచి ఒక చెయ్యి — చల్లగా, తడిగా — ఆ నోరు మూసేసింది.

చెట్టు మాట్లాడింది.

"తొలకరికి పాదు చేశావట్రా?"

గొడ్డలి గాల్లోనే ఆగిపోయింది.

"పూతకి పురుగు పడితే ఒక్కసారన్నా తలెత్తి చూశావా? ఈ ఎండల్లో... ఒక్క బిందె పోశావా? ఏ మొహం పెట్టుకుని కాయమంటున్నావురా?"

గొడ్డలి ఒకచోట, చెప్పు ఒకచోట. కారు స్టార్టయిన శబ్దం. కూలీలు అప్పటికే పత్తి చేలకి అడ్డం పడి పరిగెత్తారు.

నోటి మీది చెయ్యి తొలిగింది. కోటేష్ వెనక్కి తిరిగాడు.

చంకలో ఖాళీ బిందెతో ప్రేమమ్మ! ఈ తోటలో ఏళ్ల తరబడి పని చేసిన మనిషి. ఆ చెట్టుకి టెంక పాతింది ఆమే. ప్లాట్లు వేశాక కంచె కట్టి ఆమెను బయటికి గెంటారు. అప్పట్నుంచీ రాత్రిళ్లు కంచె కింద దూరొచ్చి నీళ్లు పోస్తోంది.

"చెబితే చెట్టు పోద్ది, కోటేషుబాబూ," అంది గుసగుసగా.

"చెప్పన్లే గానీ... మా బావని 'రా' అన్నావేంటి?"

"నేనెక్కడన్నాను? చెట్టంది."

ఇప్పుడు లక్ష్మీకాంత్ ఆ చెట్టుకి ఎర్రగుడ్డ కట్టించాడు. శుక్రవారం శుక్రవారం ట్యాంకర్ పంపుతాడు — వానల్లో కూడా. భయానికి రుతువులు తెలియవు. చలికాలం నీళ్లెక్కువైతే పూత రాదు కాబట్టి ప్రేమమ్మ ఆ పైపుని పక్కకి మళ్లిస్తుంది. అన్నేళ్లూ మనిషి అడిగితే బిందెడు నీళ్లివ్వలేదు. దెయ్యం ఒక్కసారి అడిగితే ట్యాంకరిచ్చాడు.

ఇది రాస్తే ఆమె బయటపడుతుందని కోటేష్ భయం. నాకా భయం లేదు. లక్ష్మీకాంత్ తిరగేసేవి వెంచర్ బ్రోచర్లే — వాటిలోనూ బొమ్మలే చూస్తాడు.