అతకని అతుకు

వెల్డ్ ఇన్‌స్పెక్టర్‌ని పట్టపగలే ఫ్యాక్టరీ లిఫ్టులో చంపేశారు. చనిపోయే ముందు అతను పంపిన మెసేజ్ ఒకటే మాట: "అతకలేదు."

"అతని స్థానంలో నువ్వు వెళ్తున్నావు," అన్నాడు చీఫ్ తన ఏజెంట్‌తో. "అక్కడ తయారయ్యేవి ఎయిర్ అంబులెన్సుల బ్యాటరీలు. విదేశీ ముఠా ఒకటి వాటి అతుకులు పాడుచేస్తోంది. లోపల మన మనిషి ఒకావిడ ఉంది. 'వానొచ్చేలా ఉంది' అను. 'గొడుగు పోయింది' అంటే ఆవిడే."

"నాకు వెల్డింగ్ రాదు సార్."

"నాలుగు రోజులుంది. నేర్చుకో."

నేర్చుకున్నాడు. అల్ట్రాసోనిక్ వెల్డింగ్‌లో నిప్పుండదు, లోహం కరగదు. హార్న్ అనే లోహపు దిమ్మ సెకనుకి ఇరవై వేల సార్లు అదురుతూ రెండు రాగి రేకుల్ని రుద్ది ఒకటి చేస్తుంది. అతికినా అతకకపోయినా పైకి ఒకేలా కనిపిస్తుంది.

ఫ్యాక్టరీలో చేరిన మూడో రోజుకి కూడా ఏజెంట్ చేతికి ఏమీ దొరకలేదు. చొక్కా గుండీలోని కెమెరా వందల ఫోటోలు తీసింది. అన్ని అతుకులూ ముచ్చటగా ఉన్నాయి. స్క్రీన్ మీద అన్నిటికీ గ్రీన్ లైటే. మూడింటికి లారీ బయల్దేరుతుంది.

రెండున్నరకి క్వాలిటీ మేనేజర్ వెల్డింగ్ గదిలోకి వచ్చింది. సిల్కు స్కార్ఫు, చూపు తిప్పుకోనివ్వని నవ్వు.

"వానొచ్చేలా ఉంది," అన్నాడు.

"గొడుగు పోయింది."

అతనికి ప్రాణం లేచొచ్చింది. "మేడమ్, మిషన్ సెట్టింగులు ఎవరో మార్చి ఉండాలి. ఒక్క రేకు లాగి చూస్తే తేలిపోతుంది. ఆ పరీక్ష ఎవరు ఆపించారు?"

"నేనే," అందామె గుమ్మం దాటుతూ. "మీ చీఫ్‌కి ఆ కోడ్ వర్డ్ ఇచ్చిందీ నేనే."

బయట గడియ పడింది.

మిషన్ కీచుమోత బయటికి పోకుండా కట్టిన గది అది. ఆ హత్య జరిగినప్పట్నుంచి ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకుంటున్నారు. గొంతు పోయేలా అరిచాడు. అద్దం అవతల, పరీక్ష ఆపేశాక ప్యాకింగ్‌లోకి మార్చిన టెస్టర్ అక్క చెవులకి మఫ్‌లు పెట్టుకుని పనిచేసుకుంటోంది. తలెత్తి చూసి, నవ్వి, చెయ్యూపి మళ్లీ పనిలో పడింది. స్టూలుతో అద్దాన్ని బాదాడు. స్టూలు కాలు వంగింది. దూరంగా లారీలోకి చివరి పెట్టె ఎక్కుతోంది. ఆకాశంలో ఆ అతుకు ఊడితే లోపలున్న రోగి గతేమిటి? కూలబడిపోయాడు.

రెండూ యాభై ఎనిమిది.

ఏం చెయ్యాలో తోచక, కసికొద్దీ మిషన్ మీదున్న బ్యాటరీ అందుకుని, రేకుని ప్లయర్‌తో పట్టి లాగాడు. స్టిక్కర్‌లా ఊడొచ్చింది. అడుగున నున్నగా మెరుస్తోంది. దాన్ని అద్దానికి ఆనించి పట్టుకున్నాడు.

మళ్లీ తలెత్తిన అక్క నవ్వు ఆగిపోయింది. మంచి అతుకైతే రేకు చిరగాలిగానీ ఊడకూడదని ఇరవయ్యేళ్లుగా ఆమె చేతులకి తెలుసు. మఫ్‌లు విసిరేసి పరుగెత్తింది, తలుపు వైపు కాదు, లారీ వైపు. ముందు చక్రాలు గుమ్మం దాటబోతుండగా ఎర్ర బటన్ మీద అరచేత్తో చరిచింది. షట్టర్ దభాలున లారీ మూతి మీద పడింది.

అతను గుర్తొచ్చి ఆమె గడియ తీసేసరికి పావుగంట గడిచింది. మేనేజర్ కారు ఎప్పుడో వెళ్లిపోయింది.

"అక్కా, నిజానికి నేను ఇన్‌స్పెక్టర్‌ని కాను," అన్నాడు బొంగురు గొంతుతో.

"తెలుసులే తమ్ముడూ. పని రాకపోయినా ఎవరూ ఏమీ అనట్లేదంటే, ఓనర్‌గారి అల్లుడేమో అనుకున్నాం."